గగన సాహసం, యంత్ర భద్రత: హైదరాబాద్ పాలుపంచుకున్న చరిత్ర

హైదరాబాద్ పడమటి కొసన మాదాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం గుట్టల నడుమ పెరిగిన హైటెక్ సిటీ చరిత్రను, 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన రోజు నుంచి లెక్కించడం వాడుక. ఆ భవనం చుట్టూ సైబరాబాద్‌గా విస్తరించిన ప్రాంతంలో సాఫ్ట్‌వేర్‌తో పాటు విమాన ఇంజన్ల భాగాల రూపకల్పన కూడా సాగుతున్నదనీ, అదే నగరంలో అంతరిక్ష రాకెట్లను తయారుచేసే సంస్థలు పుట్టాయనీ గమనిస్తే, హైదరాబాద్‌కు ఆకాశంతో ఏర్పడిన సంబంధాన్ని వెదకడానికి ఇంకా ఎనభై ఏళ్లు వెనక్కు వెళ్లవలసి వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో జర్మనీ మీద బాంబులు వేయడానికి వెళ్లిన బ్రిటిష్ విమానాల పక్కల మీద ఈ నగరం పేరు రాసి ఉండేది.

ఆనాటి నుంచి నేటి దాకా సాగిన ఈ చరిత్రలో హైదరాబాద్ పాత్ర నాలుగు దశల్లో మారింది. మొదట నగరం డబ్బు ఇచ్చింది. తరువాత శిక్షణకు నేల ఇచ్చింది. ఆ తరువాత మనుషులను ఇచ్చింది. ఇప్పుడు యంత్రాలకు మేధను ఇస్తోంది. ఈ నాలుగు దశల వెంట యుద్ధ విమానాల సిబ్బంది సాహసాన్నీ, తొలితరం వ్యోమగాముల సాహసాన్నీ పరిశీలిస్తే, స్మారక సభల్లో అంతగా వినిపించని సత్యం ఒకటి తేలుతుంది. యంత్రం ఎంత నమ్మలేనిదైతే మనిషి ధైర్యం అంత ఎక్కువగా ఖర్చయింది. అలా ఖర్చయిన ధైర్యం నుంచే తరువాతి యంత్రానికి కావలసిన భద్రతా పాఠాలు వచ్చాయి.

నిజాం కానుక

బ్రిటిష్ వైమానిక దళంలో స్క్వాడ్రన్ అంటే ఒకే అధికారి కింద, సాధారణంగా ఒకే రకం విమానాలతో పనిచేసే పోరాట విభాగం. 1917 నవంబరులో ఇంగ్లండులో ఏర్పడిన 110వ స్క్వాడ్రన్‌కు తొలి విమానాలన్నిటినీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా సమకూర్చారు. అందువల్ల ఆ దళం అధికారిక నామంలోనే హైదరాబాద్ చేరింది. ఒక్కొక్క విమానం మీద అది నిజాం బహూకరణ అని తెలిపే రాత, హైదరాబాద్ పేరుతో ఒక వరస సంఖ్య ఉండేవి. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కలిసిన ఆనాటి సంస్థానపు ఆదాయంలో భూమి శిస్తు ప్రధానమైనది కనుక, పాలకుడి పేరుతో సముద్రం దాటిన ఈ ఔదార్యం వెనుక దక్కను రైతుల చెమట ఉందన్నది మరవరాదు.

ఆ విమానం పేరు డి.హెచ్.9ఎ. అది అమెరికాలో తయారైన సుమారు 400 అశ్వశక్తి గల లిబర్టీ ఇంజనుతో ఎగిరే, రెండు అంతస్తుల రెక్కలున్న బాంబర్. అందులో ఇద్దరు కూర్చునేవారు: ముందు పైలట్, వెనుక పరిశీలకుడు. పరిశీలకుడనే పేరు ఉన్నా అతని పని చూడటంతో ఆగేది కాదు. దారి గుర్తించడం, బాంబు వేయడంలో తోడ్పడటం, వెనుక నుంచి తరిమే శత్రు విమానాలను మెషిన్‌గన్‌తో ఎదుర్కోవడం కూడా అతని బాధ్యతే. ఆసనాలకు పైకప్పు లేకపోవడం వల్ల వేల అడుగుల ఎత్తున గంటల తరబడి గడ్డకట్టించే గాలిలో కూర్చోవలసి వచ్చేది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆనాటి బ్రిటిష్ విమాన సిబ్బందికి పారాచూట్లు ఇవ్వలేదు. బెలూన్లలో ఎక్కి శత్రు స్థావరాలను గమనించేవారికి మాత్రమే అవి ఉండేవి. విమానానికి నిప్పంటుకుంటే దూకి బతికే మార్గం లేదని తెలిసే ఆ ఇద్దరూ బయలుదేరేవారు.

110వ స్క్వాడ్రన్ 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్స్‌కు చేరి, జర్మనీ లోపలి పట్టణాలను, కర్మాగారాలను, రైలు కూడళ్లను దెబ్బతీయడానికి ప్రత్యేకంగా ఏర్పాటైన ఇండిపెండెంట్ ఫోర్స్‌లో భాగమైంది. సెప్టెంబరు 14న మొదటి దాడి చేసింది. నవంబరు 11న యుద్ధం ముగిసింది. రెండు నెలలు కూడా నిండని ఈ వ్యవధిలో ఆ దళం సుమారు పదిన్నర టన్నుల బాంబులు వేసి, శత్రువు చేతిలో 17 విమానాలను పోగొట్టుకుంది. అక్టోబరు 21న ఒక్క రోజులోనే ఏడు విమానాలు తిరిగి రాలేదు. శత్రువుతో సంబంధం లేని ప్రమాదాల్లో కూలి నాశనమైన విమానాలు మరో 28. అంటే హైదరాబాద్ పేరు మోసిన ఆ దళానికి శత్రువు కన్నా సొంత యంత్రమూ వాతావరణమూ కలిసి ఎక్కువ నష్టం చేశాయి. రోజూ తెల్లవారి ఇంజను తిప్పి ఎక్కడమే ఆ సిబ్బందికి యుద్ధంలో సగభాగమని ఈ అంకెలు చెబుతాయి.

ఈ కథకు సాక్ష్యంగా మిగిలిన విమానం ఒకటి నేటికీ ఉంది. ఎఫ్1010 అనే క్రమసంఖ్య గల ఆ డి.హెచ్.9ఎ మీద హైదరాబాద్ 12ఎ అని రాసి ఉండేది. 1918 అక్టోబరు 5న జర్మనీ మీద దాడికి వెళ్లినప్పుడు అది నేలకు దిగక తప్పలేదు. అందులోని కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ యుద్ధ ఖైదీలయ్యారు. విమానాన్ని జర్మన్లు విజయచిహ్నంగా భద్రపరచి, తరువాత బెర్లిన్‌లోని వైమానిక ప్రదర్శనశాలలో ఉంచారు. రెండో ప్రపంచ యుద్ధంలో అది పోలండుకు తరలి, చివరికి క్రాకోలోని మ్యూజియానికి చేరింది. 1977లో బ్రిటన్ ఒక స్పిట్‌ఫైర్‌ను ఇచ్చి దాన్ని మార్పిడిగా తీసుకుంది. ప్రస్తుతం అది లండన్ శివారు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో ఉంది. స్మరణకు సంబంధించి ఈ విమానం ఒక ప్రశ్న లేవదీస్తుంది. దాత పేరు యంత్రం ఒంటి మీదే ఉంది. నడిపిన ఇద్దరి పేర్లు తెలియాలంటే మ్యూజియం దస్త్రాల్లోకి వెళ్లాలి. కానుకలను గుర్తుపెట్టుకునే తీరుకూ, ప్రాణాలను పణంగా పెట్టినవారిని గుర్తుపెట్టుకునే తీరుకూ మధ్య ఈ ఎడం ఆ తరువాత కూడా చాలాకాలం కొనసాగింది.

స్పిట్‌ఫైర్లు, హరికేన్లు, కాలిన చేతులు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో హైదరాబాద్ పేరు మరో రెండు దళాలకు చేరింది. అక్టోబరులో 152వ స్క్వాడ్రన్ హైదరాబాద్ పేరుతో, అదే నెలాఖరున 253వ స్క్వాడ్రన్ హైదరాబాద్ స్టేట్ పేరుతో తిరిగి ఏర్పడ్డాయి. 152వ దళం చిహ్నంలో నిజాం ధరించే దస్తార్, అంటే ఆస్థాన తలపాగా, ఉండేది. నిజాంకు బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన విశ్వాసపాత్ర మిత్రుడనే బిరుదే ఆ దళానికి నినాదమైంది. ఇంగ్లండు దక్షిణ తీరాన వార్మ్‌వెల్ అనే చోటి నుంచి స్పిట్‌ఫైర్లతో ఎగిరి, పోర్ట్‌లండ్ నౌకా స్థావరం వైపు వచ్చే జర్మన్ బాంబర్లను ఎదుర్కోవడం 1940 వేసవిలో దాని పని. జులై 10 నుంచి అక్టోబరు 31 దాకా సాగిన ఈ గగన యుద్ధాన్నే చరిత్రకారులు బ్రిటన్ సంగ్రామం అంటారు.

253వ దళం హరికేన్ విమానాలతో అదే సంగ్రామంలోకి దిగింది. ఆగస్టు చివరలో లండన్‌కు దక్షిణాన ఉన్న కెన్లీకి చేరిన మూడు నాలుగు రోజుల్లోనే అది తన నాయకత్వాన్ని పోగొట్టుకుంది. ఆగస్టు 31న స్క్వాడ్రన్ లీడర్ హెరాల్డ్ స్టార్ మరణించారు. ఆయనతో పాటు నాయకత్వం వహిస్తున్న టామ్ గ్లీవ్ నడుపుతున్న హరికేన్‌లో ఇంధన ట్యాంకుకు గుండు తగిలి మంట పైలట్ గదిలోకి ఎగబాకింది. హరికేన్‌లో పెట్రోలు ట్యాంకులు రెక్కల మొదళ్లలో, పైలట్‌కు ఇరుపక్కలా ఉండటం వల్ల మంట క్షణాల్లో చేతులను, కాళ్లను, ముఖాన్ని చేరేది. గ్లీవ్ గది పైకప్పును తెరిచి పారాచూట్‌తో బయటపడేసరికి చేతుల మీదా, కాళ్ల మీదా చర్మం కాలిపోయింది. కనురెప్పలు కూడా మిగలలేదు.

ఆయనకు ఈస్ట్ గ్రిన్‌స్టెడ్‌లోని ఆసుపత్రిలో చికిత్స చేసిన ఆర్చిబాల్డ్ మెకిండో, కాలిన గాయాలకు అప్పటిదాకా వాడుతున్న టానిక్ ఆమ్లాన్ని మానిపించిన శస్త్రవైద్యుడు. ఆ ఆమ్లం పూస్తే గాయం మీద గట్టి పొర కట్టి, వేళ్లు ముడుచుకుపోయేవి. సముద్రంలో పడిన పైలట్ల గాయాలు మిగతావారికన్నా మెరుగ్గా మానుతున్నాయని గమనించి మెకిండో ఉప్పునీటి స్నానాలను ప్రవేశపెట్టారు. చర్మాన్ని ఒకచోటి నుంచి తీసి మరోచోట అతికే పద్ధతులను అభివృద్ధి చేశారు. ఈ ప్రయోగాలకు తమ శరీరాలను అప్పగించిన పైలట్లు 1941లో ఒక సంఘంగా ఏర్పడి, ప్రయోగశాలల్లో వాడే గినీ పందుల పేరునే ఎగతాళిగా తమ సంఘానికి పెట్టుకున్నారు. దాని వ్యవస్థాపకుల్లో గ్లీవ్ ఒకరు. కాలిన ముఖంతో బజారులోకి నడిచి వెళ్లడం, పదులకొద్దీ శస్త్రచికిత్సలకు ఒప్పుకోవడం, వీలైతే మళ్లీ విమానం ఎక్కడం వీరి జీవితాల్లో సాహసానికి రెండో అధ్యాయం. గగన యుద్ధ గాథలు సాధారణంగా మొదటి అధ్యాయం దగ్గరే ఆగిపోతాయి.

బేగంపేట నేల, లతీఫ్ తరం

యుద్ధం ఇండియా తీరానికి చేరినప్పుడు హైదరాబాద్ పాత్ర రెండో దశలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేయడంతో తెలుగు ప్రజలకు గగన యుద్ధం పత్రికల్లో చదివే వార్తగా కాక ప్రత్యక్ష అనుభవంగా మారింది. అప్పటికి భారత వైమానిక దళానికి పదేళ్లు కూడా నిండలేదు. 1932 అక్టోబరు 8న చట్టపరంగా ఏర్పడిన ఆ దళాన్ని వేగంగా పెంచవలసిన అవసరం పడింది. నగర విమానాశ్రయంగా 1930లలో రూపుదిద్దుకున్న బేగంపేటలో యుద్ధకాలంలో ఒకటో నంబరు ప్రాథమిక పైలట్ శిక్షణ పాఠశాల పనిచేసింది.

అక్కడ వాడిన టైగర్ మాత్ విమానం బట్ట కప్పిన రెండు అంతస్తుల రెక్కలతో, పైకప్పులేని రెండు ఆసనాలతో ఉండేది. శిక్షకుడు ముందు, శిక్షణార్థి వెనుక కూర్చునేవారు. ఇంజను హోరులో మాట వినిపించడానికి ఇద్దరి శిరస్త్రాణాల మధ్య రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. కొన్ని గంటల శిక్షణ తరువాత శిక్షకుడు ముందు ఆసనం నుంచి దిగిపోయి, శిక్షణార్థిని ఒంటరిగా పంపేవాడు. దీన్నే పైలట్ల వాడుకలో సోలో అంటారు. ధైర్యం పుట్టుకతో వచ్చే గుణమన్న నమ్మకాన్ని ఈ పద్ధతి పక్కకు నెడుతుంది. భయాన్ని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కసరత్తును జోడించి, చివరికి ముందు ఆసనం ఖాళీ అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయేలా అలవాటు చేయడమే శిక్షణ సారాంశం.

ఈ తరానికి హైదరాబాద్ ఇచ్చిన అత్యంత ప్రముఖుడు ఇద్రీస్ హసన్ లతీఫ్. 1923 జూన్ 9న ఈ నగరంలో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, పద్దెనిమిదేళ్ల వయసులో వైమానిక దళానికి ఎంపికై, 1942లో అధికారి అయ్యారు. కరాచీలోని తీర రక్షణ విభాగంలో ఆయన తొలి విధుల్లో నడిపిన పాత విమానాల్లో వాపిటి ఒకటి. ఈ వాపిటిని వెస్ట్‌లండ్ సంస్థ 1920లలో డి.హెచ్.9ఎకు వారసురాలిగా, ఖర్చు తగ్గించడానికి వీలైనన్ని పాత విడిభాగాలను వాడుకునేలా రూపొందించింది. నిజాం సొమ్ముతో బ్రిటిషువారు ఎగిరిన విమానపు సంతతి వాహనాన్ని పాతికేళ్లలో నిజాం కళాశాల విద్యార్థి సముద్రం మీద నడపడం, ఈ చరిత్ర డబ్బు దశ నుంచి మనుషుల దశకు వచ్చిందనడానికి తార్కాణం.

లతీఫ్ 1943-44లో బ్రిటన్‌లో హరికేన్, స్పిట్‌ఫైర్ విమానాలపై శిక్షణ పొంది, తిరిగివచ్చి బర్మా రంగంలో పనిచేశారు. హైదరాబాద్ పేరుగల 152వ స్క్వాడ్రన్ కూడా ఉత్తర ఆఫ్రికా, ఇటలీ రంగాల మీదుగా 1943 చివరలో అదే బర్మా సరిహద్దుకు చేరింది. అక్కడ శత్రువుతో సమానంగా అడవి, కొండ, రుతుపవన మేఘం ప్రాణాలు తీసేవి. ఇంజను ఆగితే దిగడానికి చదునైన నేల ఉండదు, దిగినా నడిచి రావడానికి దారి ఉండదు. దేశ విభజన సమయంలో పాకిస్తాన్ వైమానిక దళంలో చేరమని తోటి అధికారులు పిలిచినా లతీఫ్ ఇండియాలోనే ఉండిపోయారు. 1950 జనవరి 26న తొలి గణతంత్ర దినోత్సవ విమాన విన్యాసానికి నాయకత్వం వహించారు. 1978 నుంచి 1981 దాకా వైమానిక దళాధిపతిగా పనిచేసి, జాగ్వార్ విమానాల ప్రవేశాన్ని పర్యవేక్షించారు. చివరి దశలో హైదరాబాద్‌లోనే జీవించి, 2018 ఏప్రిల్ 30న కన్నుమూశారు.

యుద్ధం ముగిశాక బేగంపేట పౌర విమానయానానికి కేంద్రమైంది. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి స్థాపించిన డెక్కన్ ఎయిర్‌వేస్ యుద్ధంలో వాడిన డకోటా విమానాలతో సేవలు నడిపింది. అనేక సంస్థలు తిరస్కరించిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో ఉద్యోగమిచ్చి, దేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌కు అవకాశం కల్పించినది ఈ సంస్థే. 1953 జాతీయీకరణతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

దుండిగల్: ధైర్యానికి పాఠ్యప్రణాళిక

1967 అక్టోబరు 11న, స్వయంగా హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ నగరానికి ఉత్తరాన దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీకి శంకుస్థాపన చేశారు. 1971 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్న ఈ అకాడమీలో శిక్షణ ముగించిన పైలట్లకు ఛాతీ మీద రెక్కల ముద్రను అలంకరిస్తారు. వింగ్స్ అని పిలిచే ఆ ముద్ర పైలట్‌గా అర్హతకు గుర్తు. 2016 జూన్ 18న ఇక్కడ జరిగిన స్నాతక కవాతులో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియమితులయ్యారు. భారత మానవసహిత అంతరిక్ష యాత్ర గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురు వైమానిక దళ పైలట్లలో ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్, అజిత్ కృష్ణన్ ఇద్దరూ ఈ అకాడమీలో అత్యుత్తమ శిక్షణార్థికి ఇచ్చే గౌరవ ఖడ్గాన్ని అందుకున్నవారు.

శిక్షణ కూడా ప్రమాదరహితం కాదు. 2023 డిసెంబరు 4న దుండిగల్ నుంచి ఎగిరిన పిలాటస్ శిక్షణ విమానం మెదక్ జిల్లా తూప్రాన్ సమీపంలో కూలి, శిక్షకుడు, శిక్షణార్థి ఇద్దరూ మరణించారు. టైగర్ మాత్‌తో పోలిస్తే నేటి శిక్షణ విమానం అనేక రెట్లు సురక్షితం. అందులో పైలట్‌ను ఆసనంతో సహా బయటికి విసిరే ఎజెక్షన్ సీటు కూడా ఉంటుంది. అయినా శాంతికాలంలో, యుద్ధరంగానికి వేల మైళ్ల దూరంలో, ఈ వృత్తి ప్రాణాలను అడుగుతూనే ఉంది. యుద్ధవీరుల జాబితాలో చేరని ఈ మరణాలకూ స్మృతిలో సమాన స్థానం దక్కాలి.

మూడో ఆసనం

తొలితరం వ్యోమగాములు ఎక్కువమంది యుద్ధ విమానాల పైలట్లు, పరీక్షా పైలట్లు కావడం కాకతాళీయం కాదు. ఇంతకు ముందు ఎవరూ నడపని యంత్రాన్ని మొదటిసారి నడిపి దాని లోపాలను చెప్పగలవారినే పరీక్షా పైలట్లు అంటారు. అంతరిక్ష నౌకకు కావలసినదీ ఆ నేర్పే. 1961 ఏప్రిల్ 12న భూమిని చుట్టివచ్చిన యూరీ గగారిన్ సోవియట్ వైమానిక దళ పైలట్. అదే ఏడాది చివర ఆయన జరిపిన భారత పర్యటనలో హైదరాబాద్ కూడా ఒక మజిలీ.

ఆనాడు ఈ నగరంలో పెరుగుతున్న బాలుడు ఒకరు 23 ఏళ్ల తరువాత గగారిన్ బాటలో వెళ్లారు. 1949 జనవరి 13న పటియాలాలో పుట్టిన రాకేశ్ శర్మ బాల్యం, చదువు హైదరాబాద్‌లోనే గడిచాయి. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్‌లో, ఆ తరువాత లతీఫ్ చదివిన నిజాం కళాశాలలోనే చదివారు. 1970లో వైమానిక దళ పైలట్ అయి, 1971 యుద్ధంలో మిగ్-21 మీద 21 దాడుల్లో పాల్గొన్నారు. అప్పటికి ఆయనకు ఇరవైమూడేళ్లు నిండలేదు. తరువాత పరీక్షా పైలట్‌గా అర్హత పొందారు. వ్యోమగామి ఎంపికలో భాగంగా, ఇరుకు స్థలాల పట్ల దాగిన భయం ఏదైనా ఉందేమో తెలుసుకోవడానికి ఆయనను బెంగళూరులో 72 గంటలపాటు ఒక గదిలో ఒంటరిగా ఉంచారు. 1982లో ఆయన, రవీశ్ మల్హోత్రా ఎంపికై, మాస్కో సమీపంలోని స్టార్ సిటీలో రష్యన్ భాషతో సహా శిక్షణ పొందారు.

శర్మ కూర్చున్న మూడో ఆసనం వెనుక ఒక విషాదం ఉంది. 1967 ఏప్రిల్ 24న సోయజ్ శ్రేణి మొదటి మానవసహిత యాత్ర ముగింపులో పారాచూట్ తెరుచుకోక వ్లదిమిర్ కొమరోవ్ మరణించారు. 1971 జూన్ 30న సోయజ్ 11 భూమికి తిరిగి వస్తుండగా ఒక కవాటం ముందుగానే తెరుచుకుని నౌకలోని గాలి బయటికి పోయి ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. ముగ్గురిని ఇరికించడానికి పీడన దుస్తులు, అంటే గాలి లేని చోట కూడా శరీరం చుట్టూ గాలి ఒత్తిడిని నిలిపే దుస్తులు, ఇవ్వకపోవడం ఆ మరణాలకు దారితీసింది. ఆ తరువాత చాలా ఏళ్లు సోయజ్‌లో ఇద్దరినే, పీడన దుస్తులతో పంపారు. దుస్తులతో సహా ముగ్గురు పట్టేలా సోయజ్-టి రకాన్ని రూపొందించాకనే మూడో ఆసనం తిరిగి వచ్చింది. 1984 ఏప్రిల్ 3న బైకనూర్ నుంచి సోయజ్ టి-11లో శర్మ బయలుదేరింది ఆ ఆసనంలోనే.

పక్కన కూర్చున్న ఫ్లైట్ ఇంజనీర్ గెన్నాదీ స్ట్రెకలోవ్‌కు ఆ ప్రయోగ కేంద్రం బాగా పరిచయమే. అంతకు ఆరు నెలల ముందు, 1983 సెప్టెంబరు 26న, వ్లదిమిర్ తితోవ్‌తో కలిసి ఆయన రాకెట్ శిఖరాన కూర్చుని ఉండగా, బయలుదేరడానికి సుమారు నిమిషంన్నర ముందు ఇంధనం కారి మంటలు లేచాయి. తీగలు కాలిపోవడంతో నియంత్రణ గది సిబ్బంది రేడియో ద్వారా ఆజ్ఞ పంపవలసి వచ్చింది. ప్రమాద వేళ సిబ్బంది గదిని ప్రధాన రాకెట్ నుంచి వేరుచేసి దూరంగా లాక్కుపోయేలా నౌక కొసన అమర్చిన చిన్న రాకెట్ల వ్యవస్థ అప్పుడు పనిచేసింది. కొన్ని క్షణాలకే కింద రాకెట్ బద్దలైంది. శరీర బరువుకు అనేక రెట్ల ఒత్తిడిని భరించి, సుమారు నాలుగు కిలోమీటర్ల దూరంలో ఇద్దరూ ప్రాణాలతో దిగారు. అలాంటి అనుభవం తరువాత ఆరు నెలలకే తిరిగి అదే రకం రాకెట్ ఎక్కడానికి ఒప్పుకోవడం, ప్రసంగాల్లో వర్ణించే సాహసానికన్నా లోతైనది. అది తనను కాపాడిన యంత్రం మీద పెట్టిన ఆలోచనాపూర్వక విశ్వాసం.

కమాండర్ యూరీ మాలిషెవ్, స్ట్రెకలోవ్, శర్మ సల్యూత్ 7 అంతరిక్ష కేంద్రం చేరి, అక్కడి ముగ్గురితో కలిసి పనిచేశారు. భారత భూభాగాన్ని ఆకాశం నుంచి ఫోటోలు తీయడం, భారరహిత స్థితిలో శరీరం తీరును పరీక్షించడం, ఆ స్థితిలో కలిగే అస్వస్థతకు యోగాభ్యాసం ఉపయోగపడుతుందేమో చూడటం శర్మ పనుల్లో ముఖ్యమైనవి. ప్రధాని ఇందిరా గాంధీ అడిగిన ప్రశ్నకు ఇక్బాల్ గీతాన్ని తలపిస్తూ ఆయన ఇచ్చిన జవాబు దేశమంతా గుర్తుంది. ఆ వారంలో జరిగిన శాస్త్రీయ కృషి అంతగా గుర్తులేదు. 7 రోజుల 21 గంటల యాత్ర తరువాత ఏప్రిల్ 11న తిరిగివచ్చిన శర్మకు అశోక చక్ర లభించింది.

వారసులు, వర్తమానం

ఆ తరువాతి తరాల్లో తెలుగు మూలాలున్నవారు ఈ రెండు రంగాల్లోనూ కనిపిస్తారు. తెలుగు కుటుంబానికి చెందిన ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత 1999 మే 27న కార్గిల్ పోరులో మిగ్-27 ఇంజను ఆరిపోవడంతో ఎజెక్షన్ సీటు సాయంతో బయటపడి, శత్రువు చేతికి చిక్కి, జూన్ 3న విడుదలయ్యారు. వెన్నుకు తగిలిన గాయాల నుంచి కోలుకుని, తరువాత రవాణా, ఇంధన సరఫరా విమానాల మీద విధులు కొనసాగించారు. 1918లో 110వ దళానికి లేని బతికే మార్గం ఆయనకు ఉంది. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన శ్రీనివాస్ చారి కుమారుడు రాజాచారి ఇరాక్‌లో ఎఫ్-15ఇ యుద్ధ విమానాన్ని నడిపి, పరీక్షా పైలట్ అయి, 2021 నవంబరులో స్పేస్‌ఎక్స్ క్రూ-3 యాత్రకు కమాండర్‌గా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లి, మరుసటి ఏడాది మే దాకా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టి అమెరికాలో పెరిగిన శిరీష బండ్ల, కంటి చూపు కారణంగా పైలట్ కావాలన్న కోరిక నెరవేరకపోయినా, ఇంజనీరుగా 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షపు అంచుకు వెళ్లి పరిశోధన పని నిర్వహించారు.

చివరి ఉదాహరణ సైబరాబాద్‌కు దగ్గరగా తీసుకొస్తుంది. పైలట్ ఆసనం దక్కనివారు కూడా ఈ సాహస చరిత్రలో పాలుపంచుకునే మార్గం ఇంజనీరింగ్ ద్వారా తెరుచుకుంది. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో బి.వి.ఆర్. మోహన్‌రెడ్డి స్థాపించిన సంస్థ నేడు సైయెంట్ పేరుతో మాదాపూర్ నుంచి పనిచేస్తూ, విమాన ఇంజన్ల తయారీదారు ప్రాట్ అండ్ విట్నీకి చాలా కాలంగా ఇంజనీరింగ్ సేవలు అందిస్తోంది. ఇస్రో నుంచి బయటికి వచ్చిన పవన్‌కుమార్ చందన, నాగభరత్ డాకా 2018లో హైదరాబాద్‌లో స్థాపించిన స్కైరూట్ సంస్థ, 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్‌ను ప్రయోగించి, దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ ఘనతను సాధించింది. అదే శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న ఇస్రో, గగన్‌యాన్ సిబ్బందిని ప్రమాదం నుంచి తప్పించే వ్యవస్థను మనుషులు లేకుండా పరీక్షించి విజయం పొందింది. స్ట్రెకలోవ్‌ను బతికించిన సూత్రాన్నే తెలుగు నేల మీద ఇలా ముందుగా పరీక్షించారు.

ఇంజను భాగంలో పగులు ఎక్కడ మొదలవుతుందో కంప్యూటర్ తెర మీద లెక్కించే ఇంజనీరును వీరుడనడం అతిశయోక్తి. కానీ 110వ స్క్వాడ్రన్ ప్రమాదాల్లో పోగొట్టుకున్న 28 విమానాలు, గ్లీవ్ కాలిన చేతులు, సోయజ్ 11 కవాటం ఆ లెక్కలకు ముడిసరుకు. ఒక తరం ప్రాణాలతో తెలుసుకున్నదాన్ని తరువాతి తరం గణితంతో ముందే తెలుసుకోగలగడమే సాంకేతిక పురోగతికి అర్థం. అందువల్ల గగన వీరుల స్మరణకు విగ్రహమూ పుష్పగుచ్ఛమూ సరిపోవు. దాత పేరు పక్కన నడిపినవారి పేరు, గెలిచిన దాడి పక్కన కూలిన శిక్షణ విమానం, వ్యోమగామి మాట పక్కన అతణ్ణి కాపాడిన దుస్తులు, రాకెట్ వ్యవస్థ కూడా చరిత్ర పుస్తకంలో చేరాలి. ముఖ్యంగా హైదరాబాద్ కళాశాలల్లో ఇంజనీరింగ్ విద్యార్థి ప్రమాద విచారణ నివేదికను పాఠంగా చదవగలిగితే, ఆ మరణాలను గౌరవించడానికి అంతకు మించిన పద్ధతి ఉండదు. ఈ నగరం ఒకనాడు ఇతరుల ధైర్యానికి వెల చెల్లించింది; ఇక ముందు ఎగిరేవారికి ఎంత తక్కువ ధైర్యంతో పని జరిగేలా చేయగలిగిందన్న దాన్నిబట్టే దాని తరువాతి అధ్యాయాన్ని చరిత్ర తూకం వేస్తుంది.